షెడ్డు ఎవరిది, కోడి ఎవరిది

అనపర్తి,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

మొన్న అమెరికా నుంచి ఫోన్లో నువ్వు ఏడ్చేసరికి మీ అమ్మమ్మ ఎంత కంగారుపడిందో! తీరా చూస్తే సంగతి ఇదీ: శనివారం రాత్రి రూమ్మేట్స్‌తో కూర్చుని తిండి మీద తీసిన డాక్యుమెంటరీలు ఒకదాని వెనక ఒకటి మూడు చూశావు, పొద్దున్నించి గుడ్డు కూడా ముట్టడం లేదు. అంతవరకు ఫరవాలేదు. కానీ "తాతయ్యా, నువ్వు జీవితమంతా ఇదే పని చేశావా?" అని అడిగావు చూడు, దానికి ఫోన్లో నోరు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

అవును, ఇదే చేశాను. పశువుల డాక్టరుగా 31 ఏళ్ల సర్వీసులో సగానికి పైగా కోళ్ల షెడ్ల మధ్యే గడిచింది. రిటైరయ్యాక కూడా కొన్నాళ్లు ఫారాలకి సలహాలిస్తూ తిరిగాను. మీ అమ్మ చదువు, పెళ్లి ఆ జీతంతోనే. కాబట్టి నేను ఎవరి పక్షమూ కాని మనిషినని అనుకోకు. ఆ మాట మనసులో పెట్టుకునే మిగతాది చదువు. నిన్ను గుడ్డు తినమనీ చెప్పను, మానమనీ చెప్పను. అలాంటి సినిమాలు ఎలా చూడాలో మాత్రం నాకు కొంచెం తెలుసు.

ముందు చిన్న విషయాలు. రాత్రిపూట చూడకు. ఒకేసారి మూడు అసలే వద్దు, వారానికి ఒకటి చాలు. కంచం ముందు పెట్టుకుని చూడకు. మధ్యలో ఆపుకుని లేచి తిరిగి రా. అవి నిన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టడానికే తీసినవి. అది తప్పని అనను, సినిమా తీసేవాడి పని అదే. చూసిన రాత్రే జీవితకాలపు నిర్ణయాలు తీసుకోకు. రెండ్రోజులు పోనీ. నిర్ణయం నిలబడేదైతే రెండ్రోజుల తరవాత కూడా నిలబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు చెప్పినదంతా రక్తం గురించే. గొలుసుకు వేలాడే కోళ్లు, పీక కోసే చక్రం, వేడినీళ్ల తొట్టి. నిజమే, భయంకరంగా ఉంటుంది. కానీ అమ్మలూ, రక్తం మన సంత దగ్గర చికెన్ కొట్టులోనూ ఉంటుంది, నీ చిన్నప్పుడు సంక్రాంతికి మన పెరట్లోనూ ఉండేది. అప్పుడు నువ్వు తలుపు చాటున దాక్కుని చూసి, తరవాత గారెలతో లాగించేదానివి. రక్తం చూసి అది ఫ్యాక్టరీ తిండి అని తెలుసుకోలేం. తెలిసేది రెండు ప్రశ్నలతో: ఆ షెడ్డు ఎవరిది, అందులో కోడి ఎవరిది?

2008లో వచ్చిన ఫుడ్ ఇంక్ నువ్వు చూసిన మూడిట్లో ఉందన్నావు. రాబర్ట్ కెన్నర్ తీసినది. మీ మావయ్య డాలస్ నుంచి వస్తూ దాని డిస్కు తెచ్చాడు. ఆ రోజు మీ అమ్మమ్మ కోడి పలావు చేసింది. కోసే సీన్లకి నాకు ఏమీ అనిపించలేదు, చేతులు కాయలు కాసిన వాడిని. కానీ మేరీల్యాండ్‌లో ఒకావిడ తన షెడ్డు తలుపు తీసి, లోపల చచ్చిన కోళ్లని ఏరుకుంటూ నడుస్తుంది చూడు, అక్కడ పలావు దిగలేదు. ఆవిడ నాకు తెలిసిన మనిషిలా అనిపించింది. మన మెట్ట ప్రాంతంలో అలాంటి వాళ్లని ఎంతమందిని చూశానో!

ఆవిడ షెడ్డులో కోడిపిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. ఆవిడకి మిగిలేవి షెడ్డు, బ్యాంకు లోను, కరెంటు బిల్లు, చచ్చిన కోళ్లు. గాలీ వెలుతురూ తగిలే షెడ్డుని పూర్తిగా మూసేసి ఫ్యాన్ల షెడ్డు కట్టమన్నారు. కట్టనంది, కాంట్రాక్టు పోయింది. రెండు షెడ్లున్న సగటు రైతుకి అప్పు 5 లక్షల డాలర్లకి పైనే, ఏడాదికి వచ్చేది 18 వేల డాలర్లని ఆ సినిమాలోనే తెర మీద రెండు లైన్లు పడతాయి. నువ్వు ఆ లైన్లు చదివావా? చాలామంది చదవరు, అప్పటికి కళ్లు తుడుచుకుంటూ ఉంటారు. ఈసారి అక్కడ ఆపి చదువు.

అదే సినిమాలో కెంటకీ రైతు ఒకతను షెడ్డు చూపిస్తానని ముందు ఒప్పుకుని, కంపెనీ వాళ్లు వచ్చి వెళ్లాక మనసు మార్చుకున్నాడు. కెమెరాకి మూసిన తలుపే కనిపిస్తుంది. నన్నడిగితే ఆ సినిమాలో అన్నిటికన్నా పెద్ద సీను అది.

మన దగ్గర దీన్ని ఇంటిగ్రేషన్ అంటారు. కంపెనీ కోడిపిల్లల బ్యాచ్ వేస్తుంది, రైతు పెంచుతాడు, కిలోకి ఇంతని గ్రోయింగ్ ఛార్జీ ఇస్తారు. మార్కెట్ రేటు పడిపోయినా రైతుకి అంతగా దెబ్బ తగలదు. అది మంచిదే, అందుకే చాలామంది ఒప్పుకున్నారు. కానీ బ్యాచ్ వెయ్యకపోతే అడిగే దిక్కు లేదు. ఒక రైతుకి షెడ్డు కట్టుకోమని సలహా ఇచ్చింది నేనే. లోను కాగితాల్లో టెక్నికల్ రిపోర్టు కూడా నేనే రాసిచ్చాను. మూడేళ్లు బాగానే నడిచింది. తరవాత ఒక సూపర్‌వైజర్‌తో మాటా మాటా వచ్చింది, కోడిపిల్లలు రావడం ఆగిపోయింది. ఇవాళ ఆ షెడ్డులో గడ్డి వేసుకుంటున్నాడు. దారిలో కనిపిస్తే ఇప్పటికీ నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం నాకు బాగుండదు.

అమెరికాలో ఇంకో మెలిక ఉంది. ఒకే వారంలో కోళ్లు అప్పజెప్పిన రైతులందరినీ ఒకరితో ఒకరిని పోల్చి, పైవాడికి ఎక్కువ, కిందవాడికి తక్కువ ఇస్తారు. టోర్నమెంట్ అంటారు దాన్ని. కోడిపిల్లలు నలతగా వచ్చినా, దాణా తేడాగా ఉన్నా మార్కు తగ్గేది రైతుకే. పందెం కోళ్లని చూశాం గానీ, కోళ్లు పెంచేవాళ్లకి పందెం పెట్టడం అక్కడి సంగతిలోనే విన్నాను.

తరవాత నువ్వడిగిన హార్మోన్ల సంగతి. ఈ మాట మన ఊళ్లో పెళ్లి భోజనాల దగ్గర కూడా వింటూనే ఉంటాను. బ్రాయిలర్లకి హార్మోను ఇంజెక్షన్ ఇస్తారనీ, అందుకే నలభై రోజుల్లో రెండు కిలోలు అవుతాయనీ. లక్ష పిల్లల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని రోజూ సూది వెయ్యడానికి ఎంతమంది కావాలో లెక్క వేసుకో. గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే హేచరీలో మొదటిరోజు మెడ దగ్గర ఇచ్చేది మారెక్స్ అనే జబ్బు రాకుండా వేసే టీకా. కొక్కెర తెగులుకి కంట్లో చుక్క, లేదా నీళ్లలో కలిపి ఇస్తారు. అమెరికాలో కోళ్లకి హార్మోన్లు వాడటం చట్టప్రకారమే నిషేధం. మీ సూపర్ మార్కెట్లో హార్మోన్లు లేవని గొప్పగా రాసిన చికెన్ ప్యాకెట్ తీసి కింద చిన్నక్షరాలు చూడు, ఎలాగూ కోళ్లకి నిషేధమేనని అక్కడే రాసి ఉంటుంది. ఆవు మాంసం సంగతి వేరు, అక్కడ హార్మోన్లకి అనుమతి ఉంది.

మరి అంత తొందరగా ఎలా పెరుగుతుంది? జాతి. కెనడాలో అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు 1957 నాటి రకాన్ని, 2005 నాటి రకాన్ని ఒకే దాణాతో పెంచి చూశారు. 56 రోజులకి పాతది 905 గ్రాములు, కొత్తది 4,202 గ్రాములు. ఫలితాలు 2014లో వచ్చాయి. సూదీ లేదు, మందూ లేదు, తరం తరవాత తరం ఏరి ఏరి తయారుచేసిన పక్షి. నా లెక్కన ఇది హార్మోను కన్నా ఆలోచించాల్సిన విషయం. ఒళ్లు పెరిగినంత వేగంగా కాళ్లూ గుండే పెరగవు. కాళ్లు ఒంగిపోయి నీళ్ల దగ్గరికి నడవలేనివి, పొట్టలో నీరు చేరి చచ్చిపోయేవి నా చేత్తో ఎన్ని కోసి చూశానో. లేని సూదిని తిట్టుకుంటూ ఉన్న సమస్యని వదిలేస్తున్నాం.

యాంటీబయాటిక్స్ మీద నీ భయం మాత్రం సరైనదే. జబ్బు చేస్తే ఇవ్వడం వేరు, బరువు పెరగడానికి దాణాలో కలపడం వేరు. యూరప్‌లో ఆ రెండోదాన్ని 2006లో పూర్తిగా ఆపేశారు. మనుషులకి వాడే ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో ఆపింది. మన దేశంలో కొలిస్టిన్ అనే మందుని పశువులకీ కోళ్లకీ వాడకుండా 2019లో నిషేధించారు. మనుషులకి ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఆఖరున వాడేది అది. నా సర్వీసులో మేమే దాన్ని మంచినీళ్లలా రాసేవాళ్లం. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఇక అంకెలు. సినిమాలో అంకె వినపడగానే బొమ్మ ఆపి కాగితం మీద రాసుకో, తరవాత ఇంకోచోట వెతుకు. 2014లో వచ్చిన కౌస్పిరసీ చూశావుగా. భూమిని వేడెక్కించే వాయువుల్లో 51 శాతం పశువుల పెంపకానిదే అంటుంది. అంతకు ముందు ఏడాదే ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వేసిన లెక్క 14.5 శాతం. ఆ 51 ఎక్కడిదో వెతికితే, పశువులు వదిలే ఊపిరిని కూడా అందులో కలిపారని తెలుస్తుంది. పాపం గేదె, ఊపిరి వదిలినందుకు కూడా కేసు! 14.5 కూడా చిన్నదేం కాదు. అంత పెద్ద నిజం చేతిలో ఉండగా ఇంకా పెంచి చెప్పడం ఎందుకో నాకు అర్థం కాదు.

సూపర్ సైజ్ మీ కూడా అంతే. 2004లో వచ్చిన ఆ సినిమాలో మోర్గన్ స్పర్లాక్ 30 రోజులు మూడు పూటలా మెక్‌డొనాల్డ్స్ తిండే తిని 11 కిలోలు పెరిగాడు. కాలేయం దెబ్బతిందని డాక్టర్లు హడలిపోయారు. 2017లో తనకి చిన్నప్పటి నుంచీ తాగుడు ఉందనీ, 30 ఏళ్లలో వారం కన్నా ఎక్కువ రోజులు మానలేదనీ తనే రాశాడు. మరి ఆ కాలేయంలో తిండి వాటా ఎంత, మందు వాటా ఎంత? పెరిగిన కిలోలు నిజమే. నేను చెప్పేది ఒక సినిమాలో ఒక ముక్క విరిగితే మొత్తం పారేయమని కాదు, విరిగిన ముక్క ఏదో గుర్తుపెట్టుకోమని.

తలుపు తీసిన వాడిని మాత్రం కొంచెం జాలిగా చూడు. ఫుడ్ ఇంక్‌లో మాంసం తునకల్ని అమ్మోనియాతో శుద్ధిచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. పెద్ద కంపెనీలు చాలావరకు కెమెరాని గుమ్మం తొక్కనివ్వని చోట, వీళ్లు రానిచ్చారు. 2012లో టీవీల్లో ఆ సరుకు గురించే గులాబీ జిగురని గోల జరిగి, వాళ్ల నాలుగు ప్లాంట్లలో మూడు మూతపడ్డాయి. టీవీ వాళ్ల మీద వేసిన దావా 2017లో 17.7 కోట్ల డాలర్లకి పైగా ఇచ్చి రాజీతో ముగిసింది. మాంసానికి అమ్మోనియా పట్టించే ఆ పని నాకూ నచ్చలేదు. కానీ అది చూసిన మిగతావాళ్లు నేర్చుకున్నది తలుపు ఇంకా గట్టిగా బిగించుకోవడమే. నువ్వుంటున్న అయోవాలోనే ఉద్యోగం పేరుతో ఫారంలో చేరి వీడియో తీసేవాళ్ల మీద 2012లో చట్టం చేశారు. 2019లో కోర్టు కొట్టేస్తే, వెంటనే ఇంకోటి చేశారు. ఏ సినిమా చూసినా ఎవరు కనిపించారో కాదు, ఎవరు కనిపించలేదో లెక్కపెట్టు.

నీకు ఓపిక ఉంటే ఒక్కటి చూడమంటాను. నికొలాస్ గేర్‌హాల్టర్ అనే ఆస్ట్రియా ఆయన 2005లో తీసిన అవర్ డైలీ బ్రెడ్. మాటల్లేవు, పాటల్లేవు, వెనక సంగీతం లేదు. కోడిపిల్లలు బెల్టు మీద వస్తాయి, చేతులు వాటిని ఏరి విసురుతూ ఉంటాయి. ఆ పని నేను హేచరీల్లో వందసార్లు చూశాను, ఎప్పుడూ ఆగి చూడలేదు. మధ్యలో పనివాళ్లు ఒంటరిగా కూర్చుని మధ్యాహ్నం భోజనం చేస్తారు, కెమెరా అలాగే చూస్తూ ఉంటుంది. ఏడవమని చెప్పేవాడు లేడు కాబట్టి నీకు ఏమనిపిస్తుందో నీకే తెలుస్తుంది.

గుడ్డు మానేస్తే మానెయ్. కానీ పప్పు, పెరుగు, శనగలు గట్టిగా తిను. చలి దేశంలో కాఫీతో బతకలేవు. తినే రూమ్మేట్ కంచం వంక మాత్రం అలా చూడకు. ఆ చూపు వల్ల ఏ కోడీ బాగుపడదు. నువ్వు చదివేది లెక్కలే కాబట్టి, ఒక డజను గుడ్ల ధరలో రైతుకి ఎంత వస్తోందో ఒకసారి కూర్చుని తేల్చు, నాకూ చెప్పు.

సంక్రాంతికి వస్తే లేయర్ల ఫారానికి, అంటే గుడ్ల కోళ్లు పెంచే చోటికి తీసుకెళ్తాను. పంజరాలు కళ్లారా చూద్దువుగాని. గుమ్మం దగ్గర ఫుట్ డిప్ అనే మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి వెళ్లాలి, అదే రోజు ఇంకో ఫారానికి వెళ్లకూడదు. 2025 ఫిబ్రవరిలో కానూరు, వేల్పూరు వైపు బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి కొత్తవాళ్లని రానివ్వడానికి జంకుతున్నారు. పాత డాక్టరు మనవరాలివని చెప్పి అడుగుతాను. కాదంటే గేటు బయట నించుని చూద్దాం.

ఇంకో మాట, మీ ఫ్రీజర్లో రొయ్యల ప్యాకెట్ ఉందన్నావు. వెనక ఏ దేశం పేరు ఉందో ఫోటో తీసి పంపు. ఇండియా అని ఉంటే అవి భీమవరం చెరువులవేనని మీ అమ్మమ్మ నాతో పందెం కాసింది.

మీ
తాతయ్య