సొంత తోట మామిడి నేరుగా అమ్ముకుంటే ఫుడ్ సేఫ్టీ లైసెన్సు కావాలా?

నూజివీడు దగ్గర సొంత తోట ఉంది, బంగినపల్లి కాయను హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు నేరుగా అమ్మాలనుకుంటున్నాను, లైసెన్సు తీసుకోవాలా అని అడిగారు. మాదీ ఆ వైపే, మేమూ ఇదే పని చేస్తున్నాం కాబట్టి చెబుతున్నాను.

మీ తోటలో పండింది తోట దగ్గర అమ్ముకోవడానికి అక్కర్లేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టమే 18వ సెక్షన్‌లో రైతుకు మినహాయింపు ఇచ్చింది. పక్క తోటల కాయ కూడా కొని, గదిలో మాగేసి, పెట్టెలు కట్టి ఊళ్లకు పంపితే మాత్రం అది వ్యాపారం కిందికే వస్తుంది. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. అది ఆన్‌లైన్‌లో అయిపోయే పని, టెన్షన్ పడక్కర్లేదు.

అసలు తలనొప్పి రంగుతో. కాయను తొందరగా పసుపు రంగుకు తెచ్చే కార్బైడ్ రసాయనంతో మాగేసిన పండు అమ్మడమే కాదు, అమ్మకానికి దగ్గర ఉంచుకున్నా తప్పే. కాయ మాగడానికి ఎతిలిన్ గ్యాస్ అయితే 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దాకా వాడుకోవచ్చు. ఎతిలిన్ వదిలే పొట్లాలు వాడితే అవి కాయకు తగలకూడదు. ఎతిఫాన్ అనే మాగబెట్టే మందు కలిపిన నీళ్లలో కాయలు ముంచడం కుదరదు.

నిరుడు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పెట్టెలు దించాం. వరిగడ్డిలో మాగిన కాయ. తొడిమ దగ్గర ఇంకా ఆకుపచ్చ, ఒకటీ అరా మీద సొన కారిన చార. ఒక పెద్దాయన వచ్చి, "ఏమయ్యా, కార్బైడ్ వేయలేదని గ్యారంటీ ఏంటి?" అన్నారు. వేయలేదండీ, గడ్డిలోనే మాగేశామన్నాను. కాయ తిప్పి చూసి, "మరి ఇవి పండలేదుగా, పచ్చగా ఉన్నాయి" అన్నారు. ఒకటి కోసి చేతికిచ్చాను. తిన్నారు. బాగుందన్నారు. తీసుకోలేదు. మేం పెట్టెలు సర్దుకునేలోపు రోడ్డవతల బండి దగ్గర, పసుపు పూసినట్టు ఒకే రంగులో ఉన్న కాయలు తూయించుకుంటున్నారు! కార్బైడ్ గురించి వాట్సాప్‌లో అందరికీ మెసేజ్‌లు పంపేది కూడా వీళ్లే. కొనేవాళ్లకు ఆ రంగు మోజు తగ్గనంత కాలం అధికారులు ఎన్ని దాడులు చేసినా ఆ కార్బైడ్ పొట్లాలు ఎక్కడికీ పోవు.

ఇంకో మాట. తోటను గుత్తకు ఇచ్చారా? అయితే పురుగుమందుల సంగతి మీ చేతిలో లేనట్టే. ఆఖరి మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బాతో వచ్చే కాగితం మీదే ఉంటుంది. ఆ చీమ తలకాయంత అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి, అది వేరే గొడవ. గుత్తదారుకు ధర ఉన్నప్పుడు కోసేయడమే ముఖ్యం, ఆ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోడు. రేపు శాంపిల్‌లో మందు అవశేషాలు తేలితే పెట్టె మీద ఉండేది మీ తోట పేరు. ఏ మందు ఏ తేదీన కొట్టారో నోట్‌బుక్‌లో రాసి పెట్టమనండి. రాయనంటే గుత్తకు ఇవ్వకండి.