పేడ కలిపితే రంగునీళ్లు బాగుపడతాయా?

ప్రశ్న: మాది పుట్టపాక దగ్గర. చీరల నూలుకు ఇంట్లోనే రంగులద్ది, మిగిలిన నీళ్లు పెరట్లో గుంతలో పోస్తున్నాం. బోరు పాడవుతోందని పక్కింటివాళ్లు గొడవ. పేడ కలిపితే సూక్ష్మజీవులే రంగు తినేస్తాయని వీడియోలో చూశాం. నిజమేనా సార్?
– ఒక చేనేత కుటుంబం

జవాబు: సగమే నిజం. నూలుకు వాడే రియాక్టివ్ (పోగుకు రసాయనికంగా అతుక్కునే) రంగుల్లో చాలావరకు అజో రకం, అంటే రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య బంధం ఉన్నంతసేపే ఆ రంగు కనిపిస్తుంది. గాలి ఆడని డ్రమ్ములో పేడలోని బ్యాక్టీరియా ఆ బంధాన్ని తెంపుతుంది, ఎర్రనీళ్లు పాలిపోతాయి. వీడియో అక్కడితో అయిపోతుంది. కానీ తెగిన ముక్కలు అరోమాటిక్ ఎమైన్లు అనే రసాయనాలు, వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చే రకం, పైగా ఇప్పుడవి కంటికి కనపడవు! అందుకే రెండో తొట్టి ఉండాలి. అందులోకి గాలి కొడితే వేరే బ్యాక్టీరియా ఆ ఎమైన్లలో చాలావాటిని విరగ్గొడుతుంది. ఈ వరస మారకూడదు.

ఇంకో మాట, పేడలోని బ్యాక్టీరియా రంగు ఒక్కటే తిని బతకదు. గంజినీళ్లో బెల్లంనీళ్లో పోయాలి. అద్దకంలో వేసిన సోడా వల్ల పీహెచ్ 10, 11 దాకా ఉంటుంది కదా, దాన్ని 7 దగ్గరికి దించి, నీళ్లు చల్లారాకే కలపాలి, లేకపోతే పేడ దండగ. పటిక వేస్తే సరిపోదా అనుకుంటారేమో, తాగునీటిలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి మీ పాత జిల్లా నల్గొండ పేరే ఉంది కాబట్టి అడగడం సహజమే, కానీ రియాక్టివ్ రంగులు నీళ్లలో బాగా కరిగిపోతాయి, పటికకు సరిగ్గా దిగవు. కట్టెను కుళ్లబెట్టే బూజులు లాకేస్ అనే ఎంజైమ్‌తో రంగును విరగ్గొడతాయి, ల్యాబ్‌లో భలే పనిచేస్తాయి గానీ మురికి నీళ్లలో మిగతా సూక్ష్మజీవులు వాటిని బతకనివ్వవు.

ఇక బోరు గొడవ. అక్కడ నాకు రంగుకన్నా ఉప్పుతోనే టెన్షన్. అద్దకంలో లీటరు నీళ్లకు పదుల గ్రాముల ఉప్పు వేస్తారు, దాన్ని ఏ బ్యాక్టీరియా ముట్టదు, అడుగు కట్టని గుంతలోంచి నేరుగా కిందికి దిగుతుంది. కాబట్టి ముందు ఆ గుంత పూడ్చండి. రంగు తొట్టి నీళ్లను జాడించిన నీళ్లలో కలపకుండా, మందం టార్పాలిన్ పరిచిన మడిలో ఎండబెట్టండి, వానాకాలం పైన రేకు ఉండాలి. పేడ పద్ధతి జాడింపు నీళ్లకే పెట్టుకోండి, అదీ సొసైటీలో నలుగురైదుగురు కలిసి కట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. అడుగున చేరిన మడ్డిని, ఎండిన ఉప్పును పొలంలో మాత్రం చల్లకండి, సంచుల్లో కట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి, ఎవరికివ్వాలో కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో అడగండి.