డెక్ స్టెయిన్‌కి ముహూర్తం

చి. చిన్నాకి, మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో, మే నెలాఖరు మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌లో మీ డెక్‌కి, అదే ఆరుబయటి చెక్క అరుగుకి, స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేసేస్తానన్నావు. ఆఫీసు సెలవు చూసి ముహూర్తం పెట్టేశావన్నమాట. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడని ఊరికే అనలేదు. న్యూజెర్సీ వచ్చిన కొత్తలో నేనూ ఆ బాపతే.

దసరా పేరంటానికి డెక్ మెరిసిపోవాలని అక్టోబర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి చీకటి పడేదాకా వేశాను. పగలు 65 డిగ్రీల ఫారెన్‌హీట్, హాయైన ఎండ. రాత్రి 40కి పడిపోయింది. తెల్లారి చూస్తే బోర్డులన్నీ మంచుతో తడిసి ఉన్నాయి. వారమైనా జిగురు పోలేదు. పేరంటానికి వచ్చినవాళ్ళ పట్టుచీరల అంచులకి గోధుమరంగు అంటుకుంది. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

అందుకే చెప్తున్నా, పగటి ఎండ ఒక్కటే చూడకు, రాత్రి ఎలా ఉంటుందో చూడు. డబ్బా మీద సాధారణంగా 50 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంటుంది. కంపెనీని బట్టి కాస్త మారుతుంది, నీ డబ్బా చదువుకో. ఆ 50 అన్నది నువ్వు బ్రష్ పట్టుకున్నంతసేపే కాదు, ఆ తర్వాత ఒకటి రెండు రాత్రులకి కూడా. వాతావరణం యాప్‌లో డ్యూ పాయింట్ అని ఒకటి కనిపిస్తుంది, గాలిలో తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత అది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చెక్క దానికంటే కనీసం 5 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. రెండూ దగ్గరపడ్డాయంటే మంచు దిగబోతోందని అర్థం.

మరి జులైలో వేస్తే పోలా అంటావు. గాలి 88 ఉన్నప్పుడు ఎండలో ఉన్న బోర్డు 100 దాటేస్తుంది, చెప్పుల్లేకుండా నిలబడి చూడు. స్టెయిన్ లోపలికి ఇంకకముందే పైన ఆరిపోయి, బ్రష్ మీద బ్రష్ పడ్డచోటల్లా చారలు తేలుతాయి. నీ డెక్ పడమటి వైపు ఉంది కాబట్టి పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ అటు తిరిగేలోపు ఆపెయ్. ఒక బోర్డు ఎత్తుకుంటే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పూర్తి చెయ్యి, మధ్యలో కాఫీకి లేవకు.

ఇక నీ మే నెల. నీ కారు మీద పచ్చగా పేరుకునే ఓక్ చెట్ల పుప్పొడి ఉంది చూడు, అదంతా తడి స్టెయిన్‌లో అతుక్కుంటుంది. పుప్పొడి తగ్గాక జూన్ మొదట్లో వెయ్యి, లేదా లేబర్ డే దాటాక. నా ఓటు సెప్టెంబర్‌కే. కాకపోతే అది తుఫాన్ల కాలం కూడా. ఎక్కడో దక్షిణాన తీరం దాటిన తుఫాను మిగులు వాన మన మీద పడుతుంటుంది. వేశాక రెండు రోజులు వాన లేదని చూసుకునే డబ్బా మూత తియ్.

ప్రెషర్ వాష్ (జోరు నీళ్ళతో కడగడం) చేశాక కూడా కనీసం రెండు రోజులు బాగా ఆరనివ్వాలి. ఆవకాయ పెట్టేముందు మీ అత్తయ్య ముక్కల్ని ఎంత తుడిచి ఆరబెడుతుందో తెలుసుగా, ఇదీ అంతే. బోర్డు మీద నాలుగు నీళ్ళచుక్కలు వెయ్. కాసేపటికి ఇంకిపోతే సరే. ముత్యాల్లా నిలబడితే చెక్క ఇంకా తడిగా ఉందన్నమాట, లేదా నీళ్ళు ఇంకకుండా వేసిన పాత సీలర్ పూత పోలేదన్నమాట. మెట్లకి కొత్తగా వేయించిన ప్రెషర్ ట్రీటెడ్ (పుచ్చకుండా మందు పట్టించిన) చెక్కని ఇప్పుడే ముట్టుకోకు, అది ఆరడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఒకటి అడగడం మర్చిపోయాను, ఆ డెక్ ఎప్పటిది? 2004కి ముందుదైతే చెక్కలో ఆర్సెనిక్ అనే విషం ఉండే అవకాశం ఉంది. సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) జోలికి పోకు.

ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి గరాజ్‌లో పడెయ్యకు, వాటంతట అవే అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టు.

నా దగ్గర చెక్కలో తేమ చూసే మీటర్ ఉంది. 15 శాతం లోపు చూపిస్తే మొదలుపెట్టొచ్చు. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. అత్తయ్య ఆవకాయ సీసా కూడా కట్టి ఉంచింది.

మీ మావయ్య