మీ ఫోన్లో బొమ్మ టైలర్‌కి చూపించారా?

మీరు అడిగింది ఇదీ: కోనసీమలో ఇంజినీరింగ్ చదువుతున్నారు, ఇన్‌స్టాలో డార్క్ అకాడమియా, కాటేజ్‌కోర్, ఓల్డ్ మనీ, వైటూకే, గోత్ అని పేర్లు పెట్టిన డ్రెస్సింగ్ స్టైల్స్ అన్నీ చూస్తున్నారు, వారానికొకటి నచ్చుతోంది, ఇన్నిట్లో మీ స్టైల్ ఏదో ఎలా తెలుస్తుంది అని.

దీనికి క్విజ్‌లున్నాయి. ఒంటి రంగుకి ఏది నప్పుతుందో చెప్పే యాప్‌లున్నాయి. మీ స్టైల్‌ని మూడు మాటల్లో చెప్పుకోమనే వాళ్లున్నారు. చేసుకోండి, కాలక్షేపానికి బాగానే ఉంటాయి. నా మటుకు నాకు తేలింది ఒకటే: మంచి టైలర్ దొరికేదాకా ఎవరికీ స్టైల్ రాదు. రెడీమేడ్ మీద బతికేవాళ్లకి అస్సలు రాదు. కోప్పడకండి, ఎందుకంటున్నానో చెబుతాను.

నేను పాలకొల్లు దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. అంటే డార్క్ అకాడమియాకి, అదే ఆ పాతకాలం లైబ్రరీల స్టైల్‌కి, నేను రోజూ సంతకం పెట్టి వెళతాను. రీల్స్‌లో చెక్క అరలు, పసుపు దీపాలు, తోలు అట్టల పుస్తకాలు. మా దగ్గర ఇనప బీరువాలు, రామబాణం పురుగులు, ముసురు పట్టిందంటే అట్టల మీద తెల్లటి బూజు. కరెంటు పోతే అటెండెన్స్ రిజిస్టర్‌తోనే విసురుకుంటాం. అయినా సరే, ఆ బట్టల మీద మనసు పడింది. ఒక బొమ్మ నెలల తరబడి ఫోన్లో దాచుకున్నాను. ఇంగ్లండులో ఏదో యూనివర్సిటీ మెట్ల మీద ఒకమ్మాయి. గోధుమరంగు గళ్ల కోటు, లోపల కాలరున్న తెల్ల చొక్కా, పొడుగు లంగా.

ద్వారపూడి బట్టల మార్కెట్‌కి వెళ్లినప్పుడు అలాంటి గళ్ల గుడ్డే కనిపిస్తే తీసుకుని, మా వీధి చివర కుట్టే పిన్ని దగ్గరికి పట్టుకెళ్లాను. చుట్టమేం కాదు, వరస కలుపుకున్నాం అంతే. బొమ్మ చూపించాను. కళ్లజోడు పైకి తోసి, వేళ్లతో పెద్దది చేసుకుని మరీ చూసింది.

“దీన్నేమంటారే?”

“డార్క్ అకాడమియా పిన్నీ.”

“ఏదో ఒకటి. ఇందులో నీకేం కావాలి? గుడ్డా, మెడా, చేతులా, ఆ పిల్ల నడుమా? నడుమైతే నా వల్ల కాదమ్మా.”

మొత్తం కావాలన్నాను. నేను తెచ్చిన గుడ్డ అంచు రెండు వేళ్ల మధ్య నలిపి, “ఇది కాన్వెంటు పిల్లల యూనిఫాం గుడ్డ. ఇది తొడుక్కుని వెళ్తే నిన్ను కూడా ప్రేయర్‌లో నిలబెడతారు” అని పక్కన పెట్టేసింది. ఆ తర్వాత మొదలైంది అసలు పరీక్ష. కాలరుకి లోపల పట్టీ వేసి నిలబెట్టాలా, మెడ మీద పడుకోవాలా? పై గుండీ పెట్టుకుంటావా, వదిలేస్తావా? చెయ్యి మోచేతి దాకానా, కిందికా? గుండీలు కనబడాలా, మూసెయ్యాలా? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నెలల తరబడి చూసిన బొమ్మే, కాలరు పొడవెంతో చెప్పమంటే నోరు పెగల్లేదు.

ఆల్టరేషన్‌కి వచ్చిన గుట్టలోంచి ఎవరిదో మగవాళ్ల చొక్కా లాగి, దాని కాలరు నా మెడ చుట్టూ పెట్టి అద్దం ముందు నిలబెట్టింది. కొసలు లోపలికి మడిచి పొట్టి చేసి చూపించింది. మళ్లీ వదిలింది. పొట్టిది పెట్టినప్పుడు నా మొహం వేరేగా ఉంది, అది నాకే తెలిసిపోయింది. “ఆ, ఇదే” అన్నాను. తర్వాత, “నువ్వు పై అరలో పుస్తకం ఎలా తీస్తావో తియ్యి” అంది. చెయ్యెత్తాను. వేసుకున్న కుర్తీ మొత్తం పైకి లేచింది, చంక దగ్గర పట్టేసింది. “రోజంతా ఇదే పని కదా నీకు” అంటూ అక్కడ సుద్దతో గీత గీసి, చంక కింద ఒక నలుచదరపు ముక్క వేస్తానంది. ఏ రీల్‌లోనూ ఎవరూ ఆ ముక్క గురించి చెప్పగా నేను వినలేదు.

చివరికి కుట్టింది అమ్మ పాత బండారులంక నేత చీర. కాఫీ రంగుది, ఉతికి ఉతికి మెత్తబడినది. పొట్టి కాలరు, ముప్పావు చేతులు, చంకలో ముక్క. గళ్లు లేవు, కోటు లేదు, ఇంగ్లండు లేదు. ఆ బొమ్మ మొత్తంలో నాక్కావలసింది రెండంగుళాల కాలరు మాత్రమే అని అప్పుడు బయటపడింది. అప్పట్నుంచి నావన్నీ కాలరు డ్రెస్సులే. పిల్లలు వెనకాల కాలర్ మేడమ్ అంటారు, విననట్టే ఉంటాను. మా అత్త ఒకావిడ మాత్రం కనబడ్డప్పుడల్లా “మావయ్యగారి చొక్కా తొడుక్కొచ్చావా” అంటుంది. ఆవిడ నోటికి జవాబు ఏ టైలరూ కుట్టలేడు.

కాబట్టి ఏ ఈస్థటిక్ మీది, అంటే రీల్స్‌లో ఏ పేరు స్టైల్ మీది అని వెతక్కండి. నచ్చిన బొమ్మ తెరిచి, పిన్ని అడిగిన ప్రశ్న మీరే వేసుకోండి. గుడ్డా, మెడా, చేతులా? లేక ఆ వెనకాల ఉన్న చలికాలం ఎండా? చాలాసార్లు మనకి నచ్చేది ఎండే. అది కుట్టించుకోలేం.

గోత్, పంక్ లాంటివాటి సంగతి వేరు, వాటిని ఈ రీల్స్ పేర్లతో కలపకండి. లండన్‌లో 1970ల్లో పంక్ రాక్ పాటల కుర్రాళ్లు చొక్కాలు చింపి పిన్నీసులు పెట్టుకున్నారంటే చాలామంది అవి కొట్లో కొని కాదు, ఇంట్లో వాళ్లే చేసుకున్నారు. గోత్ అంటే ముందు ఒక రకం రాక్ పాటలు. 1982లో లండన్ సోహోలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు తెరిస్తే అక్కడికి ఆ పాటల కోసం వచ్చినవాళ్ల వేషం అది. టోక్యోలో షోయిచి అవోకి అనే ఫొటోగ్రాఫర్ హరజుకు వీధుల్లో కుర్రకారు బట్టలు తీస్తూ 1997లో ‘ఫ్రూట్స్’ పత్రిక మొదలుపెట్టాడు. పాత బట్టలు, ఇంట్లో కుట్టుకున్నవి, కిమోనో ముక్కలు అన్నీ కలిపేసి వేసుకునేవాళ్లు ఆ పిల్లలు. 2017లో పత్రిక ఆపేశాడు, ఫొటో తియ్యాలనిపించే పిల్లలు ఇక కనబడటం లేదని. ఇప్పుడు అదే వేషం బెల్టుతో సహా సెట్టుగా అమ్ముతున్నారు. మీకు ఆ పాటలు నిజంగా నచ్చితే నల్లబట్ట వేసుకోండి, హక్కుంది. పాటలు వినకుండా నలుపొక్కటే కావాలంటే అదీ తప్పు కాదు, కాకపోతే ఇంట్లో శుభకార్యం నాడు అమ్మతో గొడవపడేంత విషయం అందులో ఉండదు.

కాటేజ్‌కోర్ గురించి ఒకటి చెప్పకుండా ఉండలేను. 2020లో లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా పల్లెటూరి గౌన్ల మీద పడింది. మన దగ్గర ఆ జూన్ నెలాఖరుకి టిక్‌టాక్ మూతపడి, జులైలో రీల్స్ వచ్చాయి. తెల్ల గౌను, లేసు కాలరు, చేతిలో పూలబుట్ట. ఆ లేసు ఇక్కడిదే కదా, మన అమ్మమ్మలు ఎప్పుడో చేశారు అని గర్వపడే పోస్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా కుట్టే పిన్ని పుట్టిల్లు నరసాపురం దగ్గర. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని లేసు అల్లింది. మరి మీరెప్పుడైనా వేసుకున్నారా అని అడిగాను. “దారం తూచి ఇచ్చేవాళ్లు, లేసు తూచి తీసుకునేవాళ్లు. ముక్క మిగుల్చుకుంటే తూకంలో దొరికిపోమా?” అంది. ఆ లేసు తరాలుగా విదేశాలకి వెళుతోంది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. సంతోషమే. కానీ అల్లిన చేతులకి అది ఫ్యాషన్ కాదు, కూలి. మీకు లేసు కాలరు ఇష్టమైతే మిషన్ లేసు అంటించిన గౌను ఆర్డర్ పెట్టకుండా, నరసాపురం వెళ్లి చేత్తో అల్లిన కాలరు ఒక్కటి కొనండి. మామూలు డ్రెస్సు మీద పిన్నీసుతో పెట్టుకున్నా చాలు.

ఓల్డ్ మనీ మీద ఎక్కువ మాట్లాడను. లేత రంగు స్వెట్టరు భుజాన వేసుకుంటే పాత డబ్బున్నట్టు కనబడతారట. భీమవరం వైపు రండి, చెరువు గట్టు మీద వెలిసిపోయిన లుంగీ కట్టుకుని రొయ్యల మేత చల్లిస్తున్న పెద్దాయన్ని చూపిస్తాను. ఆయన ఆస్తి అడగొద్దు.

ఇక మీరు కోనసీమలో ఉన్నారు కాబట్టి గుడ్డ సంగతి. వెల్వెట్, ఊలు కోట్లు, మందపాటి పాలిస్టర్ ఫోన్లో చూడ్డానికే. మన ఉక్కకి పది నిమిషాల్లో వీపు తడిసి అతుక్కుంటుంది. తెల్లబట్టల మీద మోజుంటే ముందు మీ ఇంటి నీళ్లు చూసుకోండి. సముద్రం వైపు ఊళ్లలో వేసవిలో కాలువలు కట్టేశాక ఉప్పు బోరు నీళ్లతోనే ఉతకాలి, ఎంత మంచి తెలుపైనా నిలవదు. గోధుమరంగు, కాఫీ రంగు, ముదురు ఆకుపచ్చ తట్టుకుంటాయి.

టైలర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. పెద్ద పండగ ముందు వద్దు, ధనుర్మాసం వచ్చిందంటే పిన్ని నన్నే గుమ్మంలోంచి పంపించేస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో అందరూ మగ్గం వర్క్ జాకెట్ల టెన్షన్‌లో ఉంటారు. ఆషాఢంలో వెళ్లండి. ముహూర్తాలుండవు, కొట్లో గుడ్డ డిస్కౌంట్‌లో దొరుకుతుంది, కుట్టేవాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది. మీకు బాగా సరిపోయిన ఆది డ్రెస్సు ఒకటి, ఫోన్లో ఒకే ఒక్క బొమ్మ తీసుకెళ్లండి. పది బొమ్మలు చూపిస్తే పదింటినీ కలిపి కుట్టేస్తారు. అన్నట్టు, జేబు పెట్టమని చెప్పండి. ఆడవాళ్ల బట్టలకి అడగందే ఎవరూ పెట్టరు, అడిగినా రెండువేళ్లు పట్టేది పెడతారు. మీ ఫోన్ అక్కడ పెట్టి, కొలత తీయించి మరీ కుట్టించుకోండి.