మద్రాసు గవర్నరు ఇంటిపేరు ఏ ఊరిది?

ప్రశ్న: మన జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలపు చరిత్ర చదువుతుంటే, 1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ పేరు కనిపించింది. ఇలాంటి ఇంటిపేరు వేరే ఆంగ్లేయులకు ఉన్నట్టు వినలేదు. దీని పుట్టుక ఏమిటి? ఆ ఇంటిపేరువారు ఎక్కడెక్కడ ఉండేవారు?
– ఒక పాఠకురాలు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: అది ఆంగ్లపు మాటగా మీకు తోచకపోవడం సబబే. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో పూర్వం వాడుకలో ఉండి, వెల్ష్‌కూ ఫ్రాన్సులోని బ్రెటన్‌కూ దగ్గరి చుట్టమైన కార్నిష్ భాష నుంచి ఆ పేరు వచ్చింది. అందులో 'ట్రె' అంటే ఇల్లూ పొలమూ కలిసిన నివాసం, క్రమంగా ఊరు. మన వైపు ఊళ్ల పేర్ల చివర 'వలస', 'పాలెం' చేరినట్టే అక్కడ 'ట్రె' మొదట చేరుతుంది. ట్రె, పోల్, పెన్ అనే మూడు మాటలను బట్టి కార్న్‌వాల్ మనిషిని పోల్చుకోవచ్చని అక్కడ పాత నానుడి ఉంది. పోల్ అంటే మడుగు, పెన్ అంటే తల లేదా కొస.

ట్రెవెల్యన్ అనేది కార్న్‌వాల్‌లో సెయింట్ వీప్ అనే చర్చి పరిధిలోని చిన్న పల్లె. మన ఇళ్లపేర్లలో చాలా వాటిలాగే ఇదీ ఊరిపేరే. స్మిత్ అంటే కమ్మరి; కమ్మరి లేని ఊరు ఉండదు కనుక ఆ ఇంటిపేరు దేశమంతటా వేర్వేరుగా పుట్టింది. ఒక్క పల్లెను పట్టుకుని పుట్టిన పేరు అరుదుగానే మిగిలింది.

ఇక వ్యాప్తి సంగతి. ఈ కుటుంబం పొట్ట చేత పట్టుకుని ఊళ్లు తిరగలేదు. ఆస్తులు కలిసివచ్చిన చోటికి వెళ్లింది. 15వ శతాబ్దంలో పెళ్లి సంబంధం వల్ల సోమర్సెట్‌లోని నెటిల్‌కూమ్ ఎస్టేటు దక్కింది. 1777లో మేనమామ ఆస్తి మేనల్లుడికి సంక్రమించడంతో, స్కాట్లండు సరిహద్దు జిల్లా నార్తంబర్లండ్‌లోని వాలింగ్టన్ కూడా వీరిదైంది. కార్న్‌వాల్ పేరు దేశానికి ఆ చివర వినిపించడానికి కారణం ఇదే. మీరు అడిగిన గవర్నరు 1807లో సోమర్సెట్‌లోని టాంటన్‌లో పుట్టారు. ఆదాయపు పన్ను ప్రతిపాదనపై తన అభ్యంతరాన్ని పత్రికలకెక్కించి 1860లోనే పదవి పోగొట్టుకున్నారు. 1879లో వాలింగ్టన్‌కు వారసులయ్యారు.

ఈ వంశపు చిహ్నంలో అలల్లోంచి పైకి లేస్తున్న తెల్లగుర్రం ఉంటుంది. లయొనెస్ అనే సీమను సముద్రం మింగినప్పుడు వీరి పూర్వీకుడొకడు తెల్లగుర్రంపై ఒడ్డు చేరాడని ఐతిహ్యం. అది చరిత్ర కాదు, కథే. అయినా విశాఖేశ్వరుడి గుడి కడలిలో కలిసిపోయిందని చిన్ననాటి నుంచి విన్న మీకు కొత్తగా అనిపించకపోవచ్చు.