పసుపు లైటు గురించి మామయ్య ఉత్తరం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పాత కారు కొన్నావట, వచ్చే వారం దాంట్లో ఒక్కదానివే 600 కిలోమీటర్లు వెళ్తున్నావట. అంతవరకు విన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నా పక్క సీట్లో కూర్చుని "గేరు నేను వేస్తా మామయ్యా" అని గొడవ చేసిన పిల్లవి కదా. తర్వాత మీ అమ్మ గొంతు తగ్గించి, "డ్యాష్‌బోర్డు మీద ఏదో పసుపు లైటు పోవట్లేదట అన్నయ్యా. సెన్సర్ పాడైంది, నేనే చూసుకుంటా, వీడియోలు చూశాను అంటోంది" అంది. ఇక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ ఇంకో పని చేసుకుంటావు. నీ సంగతి నాకు తెలుసు.

ముందు ఆ లైటు ఎలా వెలుగుతోందో చూడు. గుర్రపు నాడాలా ఉండి మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న గుర్తేనా? అయితే అది టైర్లలో గాలి గురించి చెప్పే లైటే. బండి స్టార్ట్ చేసినప్పటి నుంచి కదలకుండా వెలుగుతుంటే ఏదో టైరులో గాలి తగ్గిందని. మొదట ఒక నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలుగుతుంటే ఆ వ్యవస్థలోనే ఏదో లోపం ఉందని. చాలా కార్లలో ఇదే పద్ధతి. "సెన్సర్ పాడైంది" అనే ముందు ఈ తేడా చూశావా? చూసి ఉండవు. చూసి ఉంటే మీ అమ్మకి కూడా వివరించి చెప్పేదానివి.

ఏ రకంగా వెలిగినా సరే, మొదటి పని గేజ్‌తో గాలి కొలవడం. పొద్దున్నే, బండి కదలకముందు. కనీసం మూడు గంటలు ఆగి ఉంటేనే టైరు చల్లగా ఉన్నట్టు. ఎంత గాలి ఉండాలన్నది డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన పెద్ద నంబరు చూసి కొట్టించకు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, నీ బండికి కావలసింది కాదు. ముందు టైర్లకీ వెనక టైర్లకీ వేరే అంకెలు ఉండొచ్చు, నిండా సామాను వేస్తే ఇంకో అంకె ఉండొచ్చు. స్టిక్కర్ మొత్తం చదువు.

నడిచి వేడెక్కిన టైరులో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని అప్పుడు గాలి తీసేశావో, మర్నాటికి తక్కువవుతుంది. చలికి కూడా ఇదే వరస. బయట ఐదారు డిగ్రీలు చల్లబడితే సుమారు ఒక పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే లెక్క, గేజ్ చూపించే అంకె అదే) పడిపోతుంది. అందుకే కొందరికి తెల్లవారుజామున లైటు వెలిగి, పది కిలోమీటర్లు పోయాక ఆరిపోతుంది. వాళ్లు "తనంతట అదే బాగైంది" అనుకుంటారు. బాగవలేదు, గాలి వేడెక్కింది అంతే. ఏ లోపమూ లేని టైరు కూడా నెలకి సుమారు ఒక పీఎస్ఐ వదిలేస్తుంది. ఆ లైటుకి ఇంకో గుణం ఉంది, అది ఆలస్యంగా మాట్లాడుతుంది. అమెరికాలో ఈ వ్యవస్థ కొత్త కార్లన్నిటికీ 2007 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి. అక్కడి నిబంధన ప్రకారం కూడా గాలి చెప్పిన అంకె కన్నా పాతిక శాతం తగ్గేసరికి హెచ్చరిస్తే చాలు. అంటే 32 ఉండాల్సిన చోట 24కి వచ్చాక. 26 దగ్గర ఏమీ చెప్పకపోవచ్చు. లైటు లేదు కాబట్టి టైర్లు బాగున్నాయనుకోకు.

ఇక నీ కారులో ఏ రకం వ్యవస్థ ఉందో మాన్యువల్ తీసి చూడు. ఒక రకంలో ప్రతి చక్రం లోపల, వాల్వ్ కాడకి తగిలించి, బ్యాటరీతో నడిచే చిన్న సెన్సర్ ఉంటుంది. అది నిజంగానే గాలి కొలిచి రేడియోలో చెబుతుంది. రెండో రకంలో గాలిని కొలిచేది ఏదీ ఉండదు. గాలి తగ్గిన టైరు కాస్త కుంగుతుంది కదా, అందుకని అదే దూరానికి మిగతావాటి కన్నా కొంచెం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఏబీఎస్ కోసం, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు కోసం పెట్టిన సెన్సర్లు ఆ చుట్లు లెక్కబెట్టి, తేడా వస్తే లైటు వెలిగిస్తాయి. ఈ రెండో రకానికి ఒక బటన్ ఉంటుంది, లేదా స్క్రీన్‌లో రీసెట్ అని ఉంటుంది. నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వనిది ఆ బటనే.

పదకొండేళ్ల కిందటి మాట. నేనూ మీ అమ్మా ఒక పని మీద రాత్రిపూట కారులో బయలుదేరాం. ఊరు దాటకముందే ఈ పసుపు లైటు వెలిగింది. బండి దిగి చుట్టూ చూశాను. నాలుగు టైర్లూ ఒకేలా కనిపించాయి. రేడియల్ టైరు గాలి నిండా ఉన్నా అడుగున కాస్త ఉబ్బినట్టే ఉంటుంది, కంటితో పోల్చుకోలేం. అది నాకు తెలుసు. తెలిసే వెనక టైరుని కాలితో ఒక తన్ను తన్ని, గట్టిగానే ఉందిలే అనుకుని వచ్చి కూర్చున్నాను. కారులో గేజ్ ఉంది, డ్యాష్‌బోర్డు అరలో, కాగితాల కింద. వాటన్నిటినీ తీయడానికి బద్ధకం.

స్టీరింగ్ కింద ఎడమవైపు ఆ బటన్. వేలు పెట్టి మూడు సెకన్లు నొక్కాను. లైటు మూడుసార్లు మిణికి ఆరిపోయింది. "ఏంటన్నయ్యా అది?" అంది మీ అమ్మ. "ఏం లేదు, సెన్సర్" అన్నాను. నువ్వు ఆవిడతో అన్న మాటే.

ఆ బటన్ నొక్కడమంటే ఏంటో అప్పటికి నాకు తెలియదు. "లైటు ఆర్పు" అని చెబుతున్నాననుకున్నాను. కారుకి అది "ఇప్పుడున్న గాలే సరైన గాలి, దీన్నే గుర్తుపెట్టుకో" అని వినపడుతుంది. గాలి దిగిన టైరుని చూపించి ఇదే మంచి టైరు అని నేర్పాను. నేర్చుకోవడానికి దానికి కొంతదూరం పడుతుంది, ఆ లోపు ఏమీ చెప్పదు. నేర్చుకున్నాక కూడా ఆ తక్కువ గాలి నుంచి ఇంకా బాగా దిగితే తప్ప నోరు విప్పదు.

ఒక 80 కిలోమీటర్లు పోయాక మీ అమ్మ "రబ్బరు వాసన వస్తోంది" అంది. ముందు వెళ్లే లారీది అన్నాను. ఇంకాసేపటికి బండి వెనక భాగం కొంచెం ఊగినట్టు, రోడ్డు మెత్తగా అయినట్టు అనిపించింది. అనిపించినా ఆపలేదు. తర్వాత ఒక్కసారిగా పెద్ద చప్పుడు, వెనక్కి ఎవరో పట్టి లాగినట్టు బండి పక్కకి జారింది. ఎలా నిలబెట్టానో నాకే తెలియదు. ఆగేసరికి రోడ్డు పక్క రెయిలింగ్‌కి అడుగు దూరంలో ఉన్నాం. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. నీళ్ల సీసా తీసుకుని దిగి, రోడ్డుకి దూరంగా వెళ్లి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

జాకీ పెట్టి చక్రం విప్పి స్టెప్నీ తీశాను. వేలితో నొక్కితే లోపలికి పోయింది. కారు కొన్నప్పటి నుంచి దాంట్లో గాలి చూడలేదు. సాయం వచ్చేదాకా రెండు గంటలు ఆ చీకట్లో కూర్చున్నాం.

మర్నాడు షాపులో పేలిన టైరుని రిమ్ నుంచి ఊడదీశారు. లోపల చెయ్యి పెడితే గుప్పెడు నల్లటి పొడి వచ్చింది, మెత్తగా, కాటుకలా. గాలి లేక పక్క గోడలు మడతలుపడి ఒకదానికొకటి రాసుకుని, వేడికి అరిగి రాలిన రబ్బరు అది. ట్రెడ్‌లో, అంటే రోడ్డుకి ఆనే భాగంలో, చిన్న మేకు అలాగే ఉంది. వారం రోజులుగా గాలి కొంచెం కొంచెం దిగుతూ ఉండి ఉంటుంది. సబ్బునీళ్లతో ఐదు నిమిషాల్లో దొరికే మేకు.

ఇంటికొచ్చి నేనేం చెప్పానో తెలుసా? టైరు అమ్మినవాడు నాసిరకం అంటగట్టాడని. పదకొండేళ్లుగా అదే చెబుతున్నాను. మీ అమ్మ ఇప్పటికీ ఎవరి కారు ఎక్కినా ముందు ఒకసారి చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ వంగి చూస్తుంది, నువ్వు నవ్వుతావు. ఆ బటన్ సంగతి నీకే మొదట చెబుతున్నాను. ఈ ఉత్తరం ఆవిడకి చూపించాలనుకుంటే చూపించు, తిట్లు ఎలాగూ బాకీ ఉన్నాయి.

కాబట్టి వినమ్మా. ముందు కొలువు, తర్వాత స్టిక్కర్‌లో ఉన్నంత కొట్టించు, ఆ తర్వాతే రీసెట్. వరస మారకూడదు. గాలి పెట్టిన రెండు మూడు రోజులకి మళ్లీ కొలువు. ఒక్క టైరే పడిపోతుంటే కారణం దొరికేదాకా వదలొద్దు. సబ్బు నురగ వాల్వ్ మూతి మీద, ట్రెడ్ మీద, టైరూ రిమ్మూ కలిసే అంచు చుట్టూ రాసి చూడు. ఒక చోట బుడగ పుట్టి, ఉబ్బి, పగిలి, మళ్లీ అక్కడే పుడుతుంది. మేకు కనపడితే నువ్వు పీకకు, గాలంతా అక్కడే పోతుంది. ఒకవేళ గాలి లేకుండా కొంతదూరం నడిపి ఉంటే, టైరు ఊడదీయించి లోపలి వైపు చూడకుండా పంక్చర్ వేయించుకుని వచ్చేయకు. నల్ల పొడి ఉంటే ఆ టైరు పనికిరాదు, బయటికి ఎంత బాగున్నా సరే.

నీది మొదటి రకమైతే, అంటే చక్రం లోపల సెన్సర్ ఉన్నదైతే, అంకెలన్నీ సరిగ్గా ఉండి లైటు మిణుకుతుంటే, అప్పుడు నీ మాటే నిజం కావచ్చు. ఆ సెన్సర్లలో బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. విడిగా మార్చడానికి ఉండదు, సెన్సర్ మొత్తం మార్చాలి. పాత బండి కదా, ఒకటి పోయిందంటే మిగతావీ ఆ వయసువే. ముందున్న యజమాని రిమ్ములు మార్చి సెన్సర్లు పెట్టించకపోయి ఉండొచ్చు, లేదా సెన్సర్ లేని స్టెప్నీ తొడిగి మర్చిపోయి ఉండొచ్చు. కొత్తది వేయిస్తే బండి వినే ఫ్రీక్వెన్సీదే కావాలి, 315 ఉంటుంది, 433 మెగాహెర్ట్జ్ ఉంటుంది. వేశాక దాన్ని కారుకి పరిచయం చేయాలి. కొన్నింటికి టూల్ కావాలి, కొన్ని కాసేపు నడిపితే అవే నేర్చుకుంటాయి. టైర్లు ముందువి వెనక్కి మార్పించినా ఇది చేయించాలి, లేకపోతే కొన్ని కార్లు వెనక టైరులో గాలి తగ్గితే ముందు టైరుని చూపిస్తాయి. గాలి పెట్టగానే లైటు ఆరకపోయినా కంగారుపడకు. ఆగి ఉన్నప్పుడు సెన్సర్లు నిద్రపోతాయి, కొన్ని నిమిషాలు నడిపితే లేస్తాయి.

టైరు విప్పేవాడికి లోపల సెన్సర్ ఉందని ముందే చెప్పు, లేకపోతే మిషన్ మీద విరగ్గొడతాడు. వాల్వ్‌కి ప్లాస్టిక్ మూతలే పెట్టు. మెరుస్తున్నాయని లోహపు మూతలు పెడితే తుప్పుకి అతుక్కుపోతాయి, తిప్పితే కాడ విరిగి వస్తుంది. పంక్చర్‌కని డబ్బాలో అమ్మే జిగురు మందు గత్యంతరం లేనప్పుడే, అది సెన్సర్ రంధ్రాన్ని పూడ్చేయగలదు.

భగవంతుడి దయవల్ల నీకు అవసరం రాకూడదు గానీ, దారిలో టైరు పేలితే బ్రేక్ మీద కాలు వేయకు. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదులు. వేగం దానంతట అదే తగ్గాక పక్కకి తీయి. బండి కొంచెం మెత్తగా ఊగుతున్నట్టు అనిపించినా ఆపేయి. ఎంత ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు, అంటే నా పేరు చెప్పు.

నా గేజ్ పంపిస్తున్నాను. కాగితాల కింద పెట్టకు, డ్రైవర్ తలుపు జేబులో పెట్టు. బయలుదేరే రోజు పొద్దున్న, బండి కదలకముందు ఐదు అంకెలు నాకు మెసేజ్ చెయ్యి. నాలుగు కాదు, స్టెప్నీతో కలిపి ఐదు.

మీ మామయ్య