సొంత కారులో చెరువుల మీదికి: బీమా బాధ్యత ఎవరిది?

భీమవరంలోని మీ రొయ్యల మేత దుకాణం తరఫున టెక్నీషియన్లు సొంత కార్లలో ఆకివీడు వైపు చెరువులకు తిరుగుతున్నారని, దారిలో ఎవరికైనా కారు తగిలితే పరిహారం మీ మీద పడుతుందా అని అడిగారు.

మొదట చెల్లించవలసింది ఆ కారుకున్న థర్డ్ పార్టీ బీమాయే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది తప్పనిసరి. అయితే ఉద్యోగి మీ పని మీద వెళ్తుండగా ప్రమాదం జరిగితే, బాధితుడు మిమ్మల్ని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. ఆ పాలసీ గడువు అప్పటికే తీరిపోయి ఉంటే ఆ భారం తేలికగా ఉండదు.

మీరు అడగని విషయం మరొకటి ఉంది, నాకు అసలు భయం అక్కడే. ప్రైవేటు కారు పాలసీలో వాహన వినియోగ పరిమితుల కింద, కిరాయికి తిప్పడం, నమూనాలూ సొంత సామానూ తప్ప ఇతర సరుకు మోయడం కుదరదని సాధారణంగా రాసి ఉంటుంది. చెరువు నీటి సీసాలు, గుప్పెడు మేత నమూనా పరవాలేదు గానీ, వెనక సీటు మడిచి నాలుగు మేత బస్తాలు వేసుకెళ్తే, క్లెయిమ్ తిరస్కరించడానికి మనమే సాకు అందించినట్టవుతుంది. బస్తాలకు ట్రాలీ ఆటో పెట్టుకోండి.

కిలోమీటరుకు ఇంతని మీరిచ్చే పెట్రోలు ఖర్చు కిరాయి కాదనే నా అభిప్రాయం. అయినా బీమా కంపెనీకి రాసి, జవాబు కాగితం మీద తీసుకోమనండి.

ఉద్యోగికే దెబ్బ తగిలితే లెక్క వేరు. ఈఎస్ఐ లేనివారి విషయంలో, కారు ఎవరిదైనా, 2020 సామాజిక భద్రతా కోడ్ (పాత 1923 ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో వచ్చినది) కింద బాధ్యత మీ మీదికి రావచ్చు. దానికి విడి పాలసీ దొరుకుతుంది. ఈలోగా ప్రతి ఉద్యోగి లైసెన్సు, పాలసీ నకళ్లు తీసుకుని, గడువు తేదీలను దుకాణం క్యాలెండర్ మీద రాసుకోండి.